నేపుల్స్ నుంచి శాంతోరిని దాకా: రైళ్లూ, ఓడలూ, బసలూ

దక్షిణ ఇటలీ, మాల్టా, గ్రీసు కలిపి తిరగాలనుకునేవాళ్లు విమానాల మీద పెద్దగా ఆధారపడక్కర్లేదు. ఇటలీలోని నేపుల్స్‌లో మొదలుపెట్టి గ్రీసు దీవి శాంతోరిని చేరేదాకా మేం విమానం ఎక్కింది మాల్టా నుంచి ఏథెన్స్‌కి మాత్రమే. మూడూ షెంగెన్ దేశాలే కాబట్టి ఒక్క వీసా చాలు. ఎక్కువ రాత్రులు ఎక్కడ ఉంటామో ఆ దేశానికి దరఖాస్తు పెట్టాలి, మాకది ఇటలీ. ఫీజు 90 యూరోలు. 30,000 యూరోల కవరేజీ ఉన్న ప్రయాణ బీమా తప్పనిసరి. వెళ్లింది మే నెలలో. హైదరాబాద్ ఎండ తప్పించుకుని జులైలో ఏథెన్స్ ఎండలో పడటం దేనికని మా ఆయన వాదన.

నేపుల్స్‌లో పిజ్జా బాగుంది, రోడ్డు దాటడం మనకి కొత్త కాదు. అసలు సరదా అక్కడి నుంచి సిసిలీ దీవికి వెళ్లే ఇంటర్‌సిటీ రైల్లో ఉంది. విల్లా సాన్ జొవాన్ని రేవు దగ్గర పెట్టెల్ని విడగొట్టి, ఓడ లోపల వేసిన పట్టాల మీదికి నెట్టేస్తారు. ఇటలీకీ సిసిలీకీ మధ్య ఉన్న మెస్సీనా జలసంధి దాటాక మళ్లీ కలుపుతారు. ఆ కాసేపూ రైలు దిగి డెక్ మీదికి వెళ్లొచ్చు. మా ఆయన సూట్‌కేసు గొలుసు తాళం రెండుసార్లు లాగి చూసుకుని గానీ కదల్లేదు. విమానంలో గంటలో తేలిపోయే దారికి దాదాపు రోజంతా పడుతుంది. అయినా మళ్లీ వెళ్తే ఇదే ఎక్కుతాను.

సిసిలీ రాజధాని పలెర్మోలో శాకాహారులు పస్తుండాల్సిన పనిలేదు. బల్లరో సంతలో పనెల్లె అమ్ముతారు. శనగపిండిని నీళ్లలో కలిపి గట్టిపడేదాకా ఉడికించి, పలచగా పరిచి, ఆరాక ముక్కలు కోసి నూనెలో వేయిస్తారు. నువ్వులద్దిన బన్నులో పెట్టి పైన నిమ్మకాయ పిండుతారు. కారం లేదన్నదే లోటు, దానికి మా సంచిలో కారప్పొడి ఉంది. రాజభవనంలోని పలటైన్ చాపెల్ మాత్రం వదలొద్దు. 12వ శతాబ్దంలో నార్మన్ రాజు రెండో రోజర్ కట్టించిన చర్చి, గోడల నిండా బైజాంటైన్ మొజాయిక్ (చిన్న చిన్న రంగు ముక్కలు అతికించి చేసిన బొమ్మలు), పైన అరబ్ పద్ధతిలో చెక్కిన చెక్క కప్పు. మా బస పాతది, గీజర్ చిన్నది. కానీ ఇంటావిడ తలుపు దగ్గర నిలబడి తాళం చేతికిచ్చింది, ఏ బస్సు ఎక్కాలో కాగితం మీద రాసిచ్చింది. బస చేసే పర్యాటకులు ఊరికి కట్టే సిటీ ట్యాక్స్ నగదే అడుగుతారు, చిల్లర ఉంచుకోండి.

సిసిలీలోనే ఉన్న సిరకూసాలో పాత పట్నం ఒర్తీజియా ఒక చిన్న దీవి. అక్కడి కెథడ్రల్‌ని క్రీ.పూ. 5వ శతాబ్దపు ఎథీనా గుడిలోనే కట్టారు. స్తంభాల మధ్య ఖాళీలు పూడ్చి గోడలు లేపేశారు, స్తంభాలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఊరికి వంక పెట్టలేం గానీ, బస ఏడిపించింది. ఫొటోల్లో బాల్కనీ, సముద్రం కనిపించాయి, మూడో అంతస్తుకి లిఫ్ట్ లేదన్న సంగతి కనిపించలేదు. తాళం పెట్టెకి పంపిన కోడ్ పనిచేయలేదు. ఓనర్ ఫోన్ ఎత్తేసరికి మా ఆయన మెట్ల మీదే కునుకు తీశారు. ఈ పాత పట్నాల్లో రేటింగ్ కంటే ముందు లిఫ్ట్ ఉందా, తాళం ఇచ్చే మనిషి ఉన్నారా అని అడగండి.

సిసిలీ దక్షిణ తీరంలోని పొజ్జాల్లో రేవు నుంచి మాల్టాకి వేగంగా వెళ్లే ఓడలో రెండు గంటలు కూడా పట్టదు. ఇంగ్లిష్ దాదాపు అందరికీ వచ్చు, బళ్లు మనలాగే ఎడమవైపు నడుస్తాయి. ప్లగ్గులు మాత్రం బ్రిటిష్ రకం, ఇటలీకి కొన్న అడాప్టర్ పనికిరాదు. రాజధాని వలెట్టాలో గది ఖరీదనిపిస్తే ఎదురుగా స్లీమాలో ఉండండి, చిన్న ఫెర్రీలో నిమిషాల్లో ఇవతలికి రావొచ్చు. వలెట్టాలోని సెయింట్ జాన్స్ కెథడ్రల్‌లో ఇటలీ చిత్రకారుడు కరవాజ్జో 1608లో వేసిన బాప్టిస్ట్ యోహాను శిరచ్ఛేదం ఉంది. ఆయన సంతకం చేసిన చిత్రం అదొక్కటే, అదీ చిత్రంలో కారినట్టు వేసిన రక్తంలోనే.

ఏథెన్స్‌లో పురాతన గుళ్లున్న కొండ అక్రోపొలిస్ టికెట్ 2025 ఏప్రిల్ నుంచి 30 యూరోలు, ప్రవేశ సమయం ముందే ఎంచుకోవాలి. ఉదయం ఎనిమిది గంటలదే తీసుకోండి. పాలరాయి అరిగి నున్నగా జారుతుంది, చెప్పులతో వద్దు. గ్రీసులో హోటల్ అద్దె మీద విడిగా పన్ను ఉంటుంది: వేసవి సీజన్లో గదికి రాత్రికి త్రీ స్టార్‌లో 5 యూరోలు, ఫైవ్ స్టార్‌లో 15. బుకింగ్‌లో చూసిన ధరలో అది చాలాసార్లు కలిసి ఉండదు.

శాంతోరిని గురించి నా మాట చాలామందికి నచ్చదు. కొండ అంచున తెల్లటి ఇళ్లు, కింద అగ్నిపర్వతం పేలి మిగిల్చిన పెద్ద గుంటలో సముద్రం, అందం నిజమే. కానీ అక్కడి ఇయా అనే ఊళ్లో సూర్యాస్తమయానికి తిరుపతి క్యూ గుర్తొచ్చింది. అక్కడ నాకు పూర్తిగా నచ్చింది ఫావా. పసుపు బఠాణీ పప్పులా కనిపించే అక్కడి పప్పుని మెత్తగా ఉడికించి, ఆలివ్ నూనె, ఉల్లిపాయ ముక్కలు వేసి ఇస్తారు. ఒక రాత్రి చాలు. మిగతా రాత్రులు నాక్సోస్‌లో గడపండి. పెద్ద దీవి, పొలాలున్నాయి, ఊరి జనం తినే హోటళ్లున్నాయి. సగంలో ఆగిపోయిన అపోలో గుడి ద్వారం రేవు పక్కనే నిలబడి ఉంది, చూడ్డానికి టికెట్ లేదు. ఏథెన్స్ రేవు పిరెయస్ నుంచి నాక్సోస్‌కి మామూలు ఓడకి అయిదు గంటలకు పైనే పడుతుంది గానీ డెక్ మీద గాలి పీల్చుకోవచ్చు. వేగంగా వెళ్లే ఓడల్లో అద్దాల వెనక కట్టేసినట్టు కూర్చోవాలి, కుదుపూ ఎక్కువే.

గాలి బలంగా వీస్తే ఓడలు కదలనివ్వరు, ముఖ్యంగా జులై, ఆగస్టుల్లో. కాబట్టి ఇంటికొచ్చే విమానానికి ముందు రాత్రి ఏథెన్స్‌లోనే ఉండేలా చూసుకోండి.