మినీడీవీ క్యాసెట్లకి విన్‌డీవీ: పాత సాఫ్ట్‌వేరే, కానీ దీని పని దీనికి బాగా తెలుసు

2000 తర్వాత ఓ పదేళ్లలో మీ ఇంట్లో పెళ్లో, ఓణీల ఫంక్షనో, గృహప్రవేశమో జరిగి ఉంటే బీరువాలో ఏదో మూల మినీడీవీ క్యాసెట్లు, అంటే అప్పటి వీడియో కెమెరాల్లో వేసే చిన్న డిజిటల్ టేపులు, ఉండే అవకాశం ఎక్కువ. వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి నేను వాడుతున్నది విన్‌డీవీ. విండోస్ కోసం 2000ల తొలి ఏళ్లలో వచ్చిన చిన్న ఉచిత ప్రోగ్రామ్. జిప్ విప్పి నేరుగా నడిపేయొచ్చు. చూడ్డానికి ఏమాత్రం బాగుండదు, అయినా మా ఇంటి టేపులన్నీ దీంతోనే దించాను, అడిగిన వాళ్లందరికీ ఇదే చెబుతున్నాను.

ముందు ఒక విషయం అర్థం చేసుకోవాలి. మినీడీవీ టేపు మీద ఉన్నది ఎప్పుడో డిజిటల్ అయిపోయిన వీడియో. మనం చేయాల్సింది దాన్ని ఉన్నది ఉన్నట్టు హార్డ్ డిస్క్‌లోకి కాపీ చేయడమే. అది జరిగేది ఫైర్‌వైర్ కేబుల్‌తో, సోనీ కెమెరాల మీద ఐ.లింక్ అని రాసి ఉంటుందే, అదే. కెమెరాకి యూఎస్‌బీ పోర్టు కూడా ఉంది కదా అనిపిస్తుంది గానీ, చాలా మోడళ్లలో అది మెమరీ కార్డులోని ఫోటోలకీ, వెబ్‌క్యామ్ స్థాయి బొమ్మకీ పెట్టింది. ఇక ఎరుపు, పసుపు, తెలుపు పిన్నులు పెట్టి చవక యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్‌తో దించితే, డిజిటల్ వీడియోని అనలాగ్‌గా మార్చి మళ్లీ డిజిటల్ చేసినట్టు. వీహెచ్ఎస్‌కి వేరే దారి లేదు కాబట్టి సరే, మినీడీవీకి ఆ ఖర్మ ఎందుకు?

విన్‌డీవీలో నాకు బాగా నచ్చింది తేదీల పని. టేపు మీద ప్రతి ఫ్రేముతో పాటు అది తీసిన తేదీ, టైమ్ కూడా నమోదై ఉంటాయి. విన్‌డీవీ వాటిని చదివి, కెమెరా ఆపి మళ్లీ ఆన్ చేసిన ప్రతిచోటా కొత్త ఫైలు మొదలుపెట్టి, ఆ తేదీనీ టైమ్‌నీ ఫైలు పేరులోనే పెడుతుంది. గంట టేపుని ముందుకీ వెనక్కీ తిప్పుతూ స్నాతకం ఎక్కడ, జీలకర్ర బెల్లం ఎక్కడ, అప్పగింతలు ఎక్కడ అని వెతుక్కునే పనే లేదు, అన్నీ వరసగా విడివిడి ఫైళ్లుగా వచ్చేస్తాయి. కెమెరాలో గడియారం సరిగ్గా పెట్టి ఉండాలనుకోండి. ఎడిటింగ్‌కి కూర్చున్నప్పుడు దీని విలువ తెలుస్తుంది. అసలు ఫైలు చెరిపేసి ఎంపీ4 ఒక్కటే ఉంచుకుంటే మాత్రం టేపు నుంచి వచ్చిన ఆ సమాచారం మామూలుగా పోతుంది, అందుకే అసలు ఏవీఐ ఫైళ్లు దాచుకోమని గట్టిగా చెబుతాను.

సెట్టింగ్స్‌లో ఏవీఐ టైప్-2 ఎంచుకోండి. అందులో ఆడియో విడిగా కూడా ఉంటుంది కాబట్టి ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు పేచీ పెట్టకుండా తెరుస్తాయి, నేను వాడేది షాట్‌కట్. క్యాప్చర్ జరుగుతున్నంతసేపూ డ్రాప్డ్ ఫ్రేముల (ఫైలులోకి ఎక్కకుండా జారిపోయినవి) సంఖ్య సున్నా దగ్గరే ఉందో లేదో చూస్తుండండి, పెరుగుతుంటే డిస్క్ ఖాళీ లేకపోవడమో, వెనకాల ఇంకేదో బరువైన పని నడుస్తుండటమో చాలాసార్లు కారణం. గంట టేపు దిగడానికి గంట పడుతుంది, దగ్గరదారి లేదు. గంటకి సుమారు 13 జీబీ కావాలి. మా ఊళ్లో ఒక స్టూడియోవాళ్లు టేపుకో డీవీడీ చేసిస్తామన్నారు, ఆ 13 జీబీని 4.7 జీబీ డిస్క్‌లో కుదిస్తే బొమ్మలో ఎంత పోతుందో ఆలోచించండి. బయట ఇచ్చి చేయించుకునేవాళ్లు డీవీ ఫైళ్లే (టేపులో ఉన్నది కుదించకుండా దించినవి) కావాలని ముందే అడగండి.

ఎడిటింగ్‌లోకి వెళ్లాక బొమ్మ కదిలినప్పుడు అడ్డగీతలు కనిపిస్తే టేపు పాడైందని టెన్షన్ పడొద్దు. మన దేశంలో వాడే పాల్ పద్ధతి వీడియో 720×576, సెకనుకి 25 ఫ్రేములు, ఇంటర్‌లేస్డ్, అంటే ఒక్కో ఫ్రేములో వేర్వేరు క్షణాల్లో తీసిన రెండు సగాలు గీత విడిచి గీతగా కలిసి ఉంటాయి. చివర్లో ఎంపీ4 చేసేటప్పుడు డీఇంటర్‌లేస్ చేసి (ఆ సగాల్ని విడదీసి) 50 ఫ్రేములకి పెడితే కదలిక టీవీలో చూసినట్టే నున్నగా వస్తుంది.

అసలు కష్టం విన్‌డీవీలో లేదు, దాని చుట్టూ ఉంది. కొత్త కంప్యూటర్లకి ఫైర్‌వైర్ పోర్టు రాదు. డెస్క్‌టాప్ అయితే టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ చిప్ ఉన్న పీసీఐ ఎక్స్‌ప్రెస్ కార్డు వేయించుకుంటే పనైపోతుంది, నా విండోస్ 10 మెషీన్‌లో సాఫీగా నడుస్తోంది. ఒక్కోచోట మైక్రోసాఫ్ట్ పాత 1394 (ఫైర్‌వైర్‌కే ఇంకో పేరు) లెగసీ డ్రైవర్ వేయాల్సి వస్తుంది. ఆరు పిన్నుల ప్లగ్‌ని తిరగేసి గుచ్చితే కెమెరా పోర్టు కాలిపోగలదు కాబట్టి కెమెరా, కంప్యూటర్ రెండూ ఆఫ్‌లో ఉన్నప్పుడే కలపండి. మ్యాక్ వాళ్లకి ఇది పనికిరాదు, పైగా 2025లో వచ్చిన మ్యాక్‌ఓఎస్ టహోలో ఫైర్‌వైర్‌నే తీసేశారు.

పెళ్లి కెమెరామెన్ ఇచ్చిన టేపులైతే ఇంకో చిక్కుంది. సోనీ పీడీ170 లాంటి కెమెరాల్లో డీవీక్యామ్ అనే సోనీ ప్రొఫెషనల్ ఫార్మాట్‌లో తీసి ఉండొచ్చు, అప్పుడు గంట క్యాసెట్‌లో పట్టేది 40 నిమిషాలే. మామూలు హ్యాండీక్యామ్‌లు అన్నీ దాన్ని ప్లే చేయవు. టేపు చుట్ట మీద తెల్లగా బూజు కనిపిస్తే కెమెరాలో అస్సలు పెట్టొద్దు, ఆ బూజు టేపుని చదివే హెడ్‌కి అంటి మిగతా టేపుల్నీ పాడుచేస్తుంది.

బొమ్మలో గళ్లుగళ్లుగా పగిలిన చోట్ల విన్‌డీవీ ఏమీ చేయలేదు, వచ్చింది వచ్చినట్టు రాసుకుంటుంది. అలాంటి టేపులకి ముందు క్లీనింగ్ క్యాసెట్‌తో హెడ్ శుభ్రం చేసి మళ్లీ దించండి, అప్పటికీ గళ్లు పోకపోతే డీవీరెస్క్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ చూడండి. ఒకే టేపుని రెండు మూడుసార్లు దించి ఇస్తే, వాటిలో బాగున్న భాగాలు ఏరి ఒకే ఫైలుగా కలుపుతుంది.