జీఎస్‌టీ బిల్లింగ్ ప్యాకేజీ కొంటున్నారా? అప్‌డేట్ తర్వాత పాత ఇంపోర్టులు నడుస్తాయో లేదో ముందే అడగండి

లాడ్జీలకు, చిన్న హోటళ్లకు పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో సాఫ్ట్‌వేర్ రాసిచ్చేవాళ్లు, ముఖ్యంగా మన తిరుపతి, చిత్తూరు వైపు వాళ్లు ఇది చదవండి. జీఎస్‌టీ లెక్కల కోసం ఏడాది లైసెన్సు మీద అమ్మే ఒక ప్యాకేజీతో మాకు జరిగింది చెబుతున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు.

2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల వరకు అద్దె ఉన్న గదులకు జీఎస్‌టీ 12 శాతం నుంచి 5 శాతానికి తగ్గింది కదా. రేట్ల పట్టిక ఆ ప్యాకేజీ లోపలే ఉంటుంది, కాబట్టి వాళ్లిచ్చే అప్‌డేట్ వేయక తప్పదు. 4.2 నుంచి 4.3కి. మొదటి అంకె మారలేదంటే పాత కోడ్ నడవాలి, వెర్షన్ నంబర్ల పద్ధతే అది. రిలీజ్ నోట్స్‌లో కొత్త రేట్ల వివరాలు, వాటి కింద ‘లోపలి అమరికను మెరుగుపరిచాం’ అని ఒక్క ముక్క. తీరా చూస్తే బిల్లింగ్.ట్యాక్స్ అనే మాడ్యూల్‌నే (కోడ్ ఉండే ఫైలు) ఎత్తేశారు. అందులోని క్లాసులన్నీ (బిల్లులాంటి వాటికి కోడ్‌లో రాసుకునే నమూనాలు) బిల్లింగ్.కోర్.జీఎస్‌టీ కిందకు పోయాయి.

సపోర్ట్‌కు ఫోన్ చేస్తే, "ఇంపోర్ట్ లైన్లు మార్చుకోండి సార్, ఐదు నిమిషాల పని" అన్నారు. ఏ మాడ్యూల్ కావాలో పేరు పెట్టి పిలిచే లైన్లు అవి. మార్చాం. టెస్టులన్నీ పాసయ్యాయి.

అసలు దెబ్బ అక్కడ కాదు. గది ఖాళీ చేయనివాళ్ల డ్రాఫ్ట్ బిల్లులను ఆ ప్యాకేజీయే పికిల్ ఫైళ్లుగా (పైథాన్‌లో డేటాను ఉన్నదున్నట్టు సేవ్ చేసే పద్ధతి) దాస్తుంది. పికిల్ ఫైల్‌లో క్లాసు కోడ్ ఉండదు, ఆ క్లాసు ఏ మాడ్యూల్‌లో ఉందో ఆ పేరు మాత్రమే ఉంటుంది. అంటే 4.2లో రాసిన ప్రతి డ్రాఫ్ట్ బిల్లూ ఇప్పుడు లేని మాడ్యూల్ కోసం వెతుకుతుంది. 24న బ్రహ్మోత్సవాలు మొదలు, ఊరంతా జనం. తెల్లారకముందే ఒక లాడ్జి మేనేజర్ ఫోన్: "అన్నా, పాత బుకింగులకు బిల్లు రావడంలే, జనం కౌంటర్ కాడ అరస్తా ఉండారు." వెనక్కి 4.2కి పోదామంటే 12 శాతం పడుతుంది. ఎటూ పోలేని పరిస్థితి.

గట్టిగా అడిగాక వాళ్లొక ప్యాచ్ పంపారు. అది ఇంకా ఘోరం. పాత ఫైలును కాపీ చేసి మళ్లీ పాత చోట పెట్టేశారు! దాంతో ఒకే పేరుతో రెండు వేర్వేరు క్లాసులు తయారయ్యాయి. పాత డ్రాఫ్ట్ తెరుచుకుంటుంది, కానీ ఇది ఫలానా క్లాసుకు చెందినదేనా అని చూసే ఈజ్‌ఇన్‌స్టాన్స్ చెక్ దగ్గర ‘ఇది బిల్లు కాదు’ అంటుంది. ఎర్రర్ కూడా రాదు, డిస్కౌంట్ మాత్రం లెక్కలోకి రాకుండా పోతుంది. ఇలాంటిది పట్టుకోవడానికి ఎంత టెన్షన్ పడ్డామో చెప్పలేను.

చివరికి ఆ ప్యాచ్ తీసేసి మేమే సరిచేసుకున్నాం. ప్రోగ్రామ్ మొదలయ్యేటప్పుడు కొత్త మాడ్యూల్‌ను ఇంపోర్ట్ చేసి, సిస్.మాడ్యూల్స్‌లో (పైథాన్ లోడ్ చేసుకున్న మాడ్యూళ్ల పట్టిక) పాత పేరు కింద కూడా దాన్నే పెట్టాం. రెండు లైన్లు. క్లాసు ఒక్కటే, దారులు రెండు. పాత డ్రాఫ్టులన్నీ తెరుచుకున్నాయి. డబ్బు తీసుకున్నవాళ్లు ఈ రెండు లైన్లు రాయలేకపోయారా?

కోడ్‌ను సర్దుకోవద్దని ఎవరూ అనరు. దుకాణం మార్చినవాడు పాత తలుపు మీద కొత్త అడ్రస్ రాసి పోతాడు, అంతే అడుగుతున్నాం. ఉచితంగా ఇచ్చే పైథాన్‌లోనే, కలెక్షన్స్ అనే మాడ్యూల్‌లోని కొన్ని క్లాసులను 2012లో 3.3 వెర్షన్‌తో కలెక్షన్స్.ఏబీసీకి మార్చి, పాత పేర్లను 2021లో 3.10 వచ్చేదాకా ఉంచారు. మాకు ఒక్క వార్నింగ్ కూడా రాలేదు.

రీఫండ్ అడిగితే, ‘లైసెన్సు షరతుల్లో లేదు’ అని మెయిల్ వచ్చింది. కొనేముందు మీరు పాత ఇంపోర్ట్ పేర్లు ఎన్ని వెర్షన్ల దాకా నడుస్తాయో రాతపూర్వకంగా తీసుకోండి. ఫోన్‌లో చెప్పిన మాట చెల్లదు. ‘ఈ పాత పేరు ముందుముందు తీసేస్తాం’ అని చెప్పే డిప్రికేషన్ వార్నింగులు లైబ్రరీల లోపల మామూలుగా కనబడవు, కాబట్టి టెస్టులను వార్నింగులే ఎర్రర్లయ్యే ఆప్షన్‌తో ఒకసారి నడపండి. డెమో ఇచ్చేటప్పుడు, పాత వెర్షన్‌లో సేవ్ చేసిన డ్రాఫ్ట్ బిల్లు ఒకటి కొత్త వెర్షన్‌లో మీ కళ్లముందే తెరిచి చూపించమనండి. తెరుచుకోకపోతే అడ్వాన్స్ ఇవ్వకండి.