ఫుకెట్ పాత ఊళ్లో దసరా సెలవులు

శుద్ధ శాకాహారులైన పెద్దవాళ్లను వెంటబెట్టుకుని థాయ్‌లాండ్ వెళ్లాలంటే ఫుకెట్ ద్వీపాన్ని మించిన చోటు లేదని నేనంటే మా చుట్టాల్లో చాలామంది నమ్మలేదు. ఫుకెట్ అనగానే పటాంగ్ బీచ్, బంగ్లా రోడ్డు, ఫీఫీ దీవులకు స్పీడ్‌బోటు, రాత్రికి ఇండియన్ బఫే. ప్యాకేజీల్లో ఉండేవీ ఇవే. ఫుకెట్ టౌన్‌లోని పాత ఊరిని కలిపినా బస్సు దిగి నాలుగు ఫొటోలు తీసుకునేంత టైమే ఇస్తారు. మేం 2024 దసరా సెలవుల్లో మా అత్తగారితో కలిసి వెళ్లి, బస మొత్తం ఆ పాత ఊళ్లోనే పెట్టుకున్నాం. ఆవిడ ఉల్లి, వెల్లుల్లి కూడా ముట్టరు. అయినా ఒక్క పూట పస్తు లేదు, వెంట తీసుకెళ్లిన అటుకులు, పొడులు చాలావరకు తిరిగొచ్చాయి.

దసరా సెలవులే ఎంచుకోవడానికి కారణం ఉంది. చైనా పంచాంగంలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు ఫుకెట్‌లో శాకాహార పండుగ. చాలా ఏళ్లు అది మన నవరాత్రులతోపాటే వస్తుంది. 2024లో రెండూ అక్టోబరు 3నే మొదలయ్యాయి. అధికమాసం వాళ్లకూ మనకూ ప్రతిసారీ ఒకే సమయంలో పడదు కాబట్టి కొన్నిసార్లు నెల తేడా వస్తుంది. 2025లో అలాగే వాళ్ల పండుగ అక్టోబరు 21కి వెళ్లింది. టికెట్లు కొనేముందు ఆ ఏటి తేదీలు చూసుకోవాలి.

ఈ పండుగ పుట్టింది ఫుకెట్ టౌన్‌లో కాదు, పక్కనున్న కతూలో. 1825లో అక్కడి తగరం గనుల కూలీల కోసం చైనా నుంచి ఒక నాటక మండలి వచ్చిందట. అడవి జ్వరాలతో మండలి వాళ్లంతా మంచాన పడ్డారు. తొమ్మిదిమంది చక్రవర్తి దేవతలకు మొక్కుకుని, మాంసం మాని నియమంగా ఉంటే జ్వరాలు తగ్గాయని, అది చూసి ఊరు ఊరంతా ఆ వ్రతం పట్టిందని చెబుతారు. ఇప్పుడు ఆ తొమ్మిది రోజులూ సగం ఊరు తెల్లబట్టల్లో కనిపిస్తుంది. మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి లాంటి ఘాటు దినుసులూ ఉండవు. ఈ నియమంతో వండే ప్రతి బండికీ, దుకాణానికీ ఎర్ర అక్షరాలు రాసిన పసుపు జెండా కడతారు. జెండా కనిపిస్తే ఇంకేం అడగకుండా కూర్చోవచ్చు. మిగతా రోజుల్లో అలా కుదరదు. కూరగాయల వేపుడు అని ఉన్నదాంట్లోనూ చేప సాసు పడుతుంది.

రనోంగ్ రోడ్డులో జూయ్ తూయ్ గుడి ముందు బండ్లు బారులు తీరి ఉంటాయి. వేయించిన చేమదుంప, టోఫు, పుట్టగొడుగుల సూపు, పసుపుపచ్చటి హొక్కియెన్ నూడుల్స్, కొబ్బరిపాల తీపి వంటలు. సోయాతో, గోధుమపిండితో మాంసం ఆకారంలో చేసినవి కూడా ఎక్కువే.

“అమ్మాయ్, అది చేపలా ఉందే!”

“పిండేనండీ అత్తయ్యా, జెండా చూడండి.”

“పిండే కావచ్చు, చూస్తుంటే దిగదు నాకు. ఆ చేమదుంప పెట్టించు.”

ఆవిడకు అన్నిటికన్నా నచ్చింది ఓ-ఎవ్. ఒకరకం గింజలను నీళ్లలో నలిపి, అరటిపండు రసం కలిపి గట్టిపరిచిన జెల్లీ. గాజుముక్కల్లా పారదర్శకంగా ఉంటుంది. దానిమీద ఉడికించిన ఎర్ర చిక్కుడు గింజలు, తురిమిన ఐసు, ఎర్ర షర్బత్ పోస్తారు. ఫుకెట్ సొంత తినుబండారం ఇది. మధ్యాహ్నం ఎండలో తిరిగొచ్చాక అంతకన్నా హాయి లేదు. యునెస్కో 2015లో ఫుకెట్‌ను పాకకళా నగరంగా గుర్తించిందని ఊళ్లో బోర్డులు పెట్టారు. ఆ పేరుకు ఈ ఊరు తగినదే.

పండుగలో ముఖ్య ఘట్టం పొద్దుటి ఊరేగింపు. ఒక్కోరోజు ఒక్కో గుడి వంతు. ఏడు గంటలకల్లా వీధిలో ఉండాలి. మేమున్న వీధిలో ఒక మిఠాయి దుకాణం వాళ్లు గుమ్మం ముందు ఎర్రగుడ్డ పరిచిన బల్ల వేసి, చిన్నచిన్న కప్పుల్లో టీ, నారింజలు, అనాసపండు, కొవ్వొత్తులు, అగరుబత్తులు సర్దారు. దేవత పూనినవాళ్లను మాసాంగ్ అంటారు. ఒకతను రెండు బుగ్గల్లోంచి మూరెడు పైన ఉన్న శూలం గుచ్చుకుని వచ్చాడు. పక్కనున్నతను శూలం బరువు చేత్తో మోస్తూ, ఇంకో చేత్తో గుడ్డతో పెదవి తుడుస్తున్నాడు. మాసాంగ్ తల సన్నగా, ఆగకుండా అటూ ఇటూ ఊగుతోంది. బల్ల దగ్గర ఆగి ఒక కప్పు టీ తీసి దుకాణం ముసలావిడ చేతిలో పెట్టాడు, ఆవిడ కళ్లకద్దుకుని తాగింది. తర్వాత ఒక నారింజ తీసి మా అత్తగారికి ఇచ్చాడు. ఆవిడ ఏమాత్రం తడబడకుండా రెండు చేతులూ చాపి అందుకుని దణ్ణం పెట్టుకున్నారు. నాకు మాత్రం ఒళ్లు జలదరించింది.

ఇది అందరికీ సరిపడేది కాదని స్పష్టంగానే చెప్తాను. రక్తం చూడలేనివాళ్లు, చిన్నపిల్లలు ఊరేగింపుకు దూరంగా ఉండటం మేలు. దేవతల పల్లకీల మీదకు టపాకాయల సరాలు విసురుతారు, ఆ పొగలో ఎదుటి మనిషి కనిపించడు. చెవుల్లో దూది, మంచి మాస్కు, కళ్లద్దాలు, నిండు చేతుల నూలుబట్టలు ఉండాలి. ఉబ్బసం ఉన్నవాళ్లు రావద్దు. సంతాపంలో ఉన్నవాళ్లు, గర్భిణులు, బహిష్టులో ఉన్నవాళ్లు క్రతువులకు రాకూడదన్న నియమం గుడి దగ్గర రాసి ఉంటుంది, దాన్ని గౌరవించాలి. తెల్లబట్టలు కట్టుకుని వెళ్తే అందరూ నవ్వుతూ చోటిస్తారు. శూలాలు గుచ్చుకున్నవాళ్ల మొహంలోకి ఫోన్ పెట్టి సెల్ఫీలు తీసుకునేవాళ్లను చూస్తే మనసు చివుక్కుమంది. వాళ్లకది పూజ.

ఇక బస. తలాంగ్, దీబుక్, క్రాబీ, ఫంగా రోడ్లు, మధ్యలో సోయ్ రొమానీ సందు. పాత ఊరంటే ఇంతే, నడిచి చుట్టి రావచ్చు. ఇక్కడి ఇళ్లు కింద దుకాణం, పైన కాపురం. వీధివైపు సన్నగా, లోపలికి చాలా పొడుగ్గా ఉంటాయి. ఇంటి నడిమధ్య ఆకాశానికి తెరిచిన చోటు ఒకటుంటుంది, వాన నేరుగా లోపల పడుతుంది, కొన్నిళ్లలో అక్కడే బావి. మా అత్తగారు పుట్టిన కోనసీమ మండువా ఇల్లు అచ్చం ఇలాగే ఉండేదట. అక్టోబరు వానలు ఆ నడవలో కూర్చుని చూడటం కోసమైనా ఇలాంటి ఇంట్లో దిగాలి. వీధివైపు ప్రతి ఇంటి ముందుభాగం కమానులతో కలిసిపోయి, ఒక చివరి నుంచి ఇంకో చివరిదాకా నీడన నడిచే దారి అవుతుంది. కొందరు దుకాణదార్లు ఆ దారికి అడ్డంగా సామాన్లు పెడుతున్నారు, వృద్ధులు రోడ్డు మీదకు దిగాల్సి వస్తోంది.

ఈ ఇళ్లను హోటళ్లుగా మార్చినవి చాలా ఉన్నాయి. మంచి గదులు 2,000 బాట్ల లోపు దొరుకుతాయి, పండుగ రోజుల్లో ఎక్కువ పడుతుంది. రెండు విషయాలు ముందే అడగండి. ఒకటి, గదికి కిటికీ ఉందా? పొడుగాటి ఇల్లు కాబట్టి మధ్య గదులకు తరచూ ఉండదు. మేం మొదట దిగిన హోటల్లో మా గది అలాంటిదే, ఫొటోల్లో కిటికీలా కనిపించింది అద్దం. అడిగితే మార్చారు గానీ, అదనంగా వసూలు చేశారు. రెండు, కింది అంతస్తులో గది దొరుకుతుందా? పాత చెక్క మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి, లిఫ్టు అరుదు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అది పెద్ద సమస్యే. ఆదివారం సాయంత్రం తలాంగ్ రోడ్డు మీద లాడ్ యాయ్ సంత జరుగుతుంది. ఆ రోడ్డు మీదే గది తీసుకుంటే రాత్రి పదిదాకా పాటలు వినాల్సిందే. సంత మాత్రం తప్పక చూడాల్సింది. ఊళ్లోవాళ్లు పిల్లాపాపలతో వచ్చి తినే సంత అది.

ఆ సంతలో అపొంగ్ చేసే ఆవిడ దగ్గర చాలాసేపు నిలబడిపోయాం. చిన్నచిన్న మూకుళ్లు వరసగా పొయ్యి మీద. బియ్యప్పిండి, కొబ్బరిపాల జావను గరిటెడు పోసి, మూకుడు చుట్టూ తిప్పి, మూత పెడుతుంది. అంచు కరకరలాడే వేళకు మధ్యభాగం మెత్తగా ఉబ్బుతుంది. వేడిమీదే సన్నని గొట్టంలా చుట్టి ఇస్తుంది. “ఇది మన అప్పమే కదమ్మాయ్!” అన్నారు అత్తగారు. నిజమే, మలేషియాలోని పెనాంగ్ మీదుగా ఇక్కడికి వచ్చిన వంటకం ఇది. దీంట్లో గుడ్డు పచ్చసొన వేస్తారు, అందుకని ఆవిడ చూసి ఊరుకున్నారు, మావారూ నేనూ తిన్నాం.

ఈ ఊరిని కట్టింది తగరం. 19వ శతాబ్దంలో హొక్కియెన్ చైనీయులు గనుల్లో పనికి వచ్చి, స్థానిక స్త్రీలను పెళ్లాడి స్థిరపడ్డారు. ఆ సంతతినే బాబా అనీ, పెరనాకన్ అనీ అంటారు. పెనాంగ్‌తో వాళ్ల వ్యాపారం, చుట్టరికం గట్టివి. ఇళ్ల రంగులు, నేల మీది పూల పలకలు, ఆడవాళ్ల కెబాయా జాకెట్లు, పూసలు కుట్టిన చెప్పులు అన్నీ ఆ జమానావి. ఇదంతా తెలుసుకోవడానికి మ్యూజియంలు మూడు నాలుగున్నాయి. ఒక్కటే చూడగలిగితే క్రాబీ రోడ్డులో థాయ్ హువా చూడండి. 1934లో కట్టిన చైనా బడి అది, మేం వెళ్లినప్పుడు విదేశీయులకు 200 బాట్లు. వలస, గనులు, పెళ్లిళ్లు, వంటలు గదికొకటి చొప్పున చక్కగా చెప్పారు. అదే రోడ్డులో 1903 నాటి చిన్‌ప్రచా ఇల్లు ఇంకా ఆ కుటుంబానిదే. పాత బ్యాంకు భవనంలోని పెరనాకన్ మ్యూజియం చిన్నది, ఎదురుగా గడియారం ఉన్న పాత పోలీసు స్టేషన్‌తో కలిపి అరగంట. కతూలో మైనింగ్ మ్యూజియం పిల్లలకు నచ్చుతుంది గానీ వెళ్లి రావడానికి సొంత బండి కావాలి.

1980ల్లో ఇక్కడ తగరం మడ్డి నుంచి టాంటలం అనే లోహం తీసే ఫ్యాక్టరీ పెట్టారు. కాలుష్యం భయంతో జనం 1986 జూన్‌లో దాన్ని తగలబెట్టారు. ఆ తర్వాతే ఈ ద్వీపం పూర్తిగా టూరిజం వైపు మళ్లింది. పటాంగ్ హోటళ్ల వరసల వెనక ఈ కథ ఉందని ప్యాకేజీ గైడ్లు ఎందుకు చెప్పరో నాకర్థం కాదు.

ఊరి బయట చూసినవాటిలో తలాంగ్ జాతీయ మ్యూజియం నాకు ముఖ్యం. దగ్గర్లోని చౌరస్తాలో చన్, ముక్ అనే అక్కచెల్లెళ్ల విగ్రహాలున్నాయి. 1785లో బర్మా సైన్యం ముట్టడించినప్పుడు తలాంగ్‌ను కాపాడింది వాళ్లే. మ్యూజియంలో నిలువెత్తు విష్ణువు ఉన్నాడు. ద్వీపానికి ఉత్తరాన, ప్రధాన భూభాగంలోని తకువాపా దగ్గర చెట్టు మొదట్లో చిక్కుకుని దొరికిన పల్లవ శైలి విగ్రహాల్లో ఒకటి. అక్కడే దొరికిన తమిళ శాసనం మణిగ్రామం అనే వర్తక శ్రేణి రక్షణలో ఉన్న చెరువు గురించి చెబుతుంది. పదకొండు వందల ఏళ్ల కిందట మన తీరాల నుంచి ఓడలు ఇక్కడికి వచ్చేవన్నమాట. అత్తగారు ఆ విగ్రహం ముందు విష్ణు సహస్రనామం మొదలుపెట్టారు, పూర్తయ్యేదాకా కాపలా అతను ఓపిగ్గా నిలబడ్డాడు. వారంలో సెలవు రోజులున్నాయి, చూసుకుని వెళ్లండి.

వాట్ చలోంగ్ గుడి బాగుంది, జనం ఎక్కువ, పొద్దున్నే వెళ్తే చాలు. రవాయ్ దగ్గరి సముద్ర జాతి పల్లె విషయంలో మాత్రం ఆలోచించి వెళ్లాలి. తరతరాలుగా చేపల వేటతో బతికిన ఉరక్ లవోయి వాళ్ల కుటుంబాలు అక్కడున్నాయి, వాళ్ల కాళ్లకింది నేల మీదే కోర్టు తగాదాలున్నాయి. వ్యాన్లు దిగి ఇళ్లలోకి తొంగిచూసే టూర్లు కొనకండి. వాళ్ల కొట్లలో చేపలో గవ్వలో కొని, అనుమతి లేకుండా ఫొటో తీయకుండా వచ్చేస్తే చాలు.

ఊరివాళ్ల కాలక్షేపాల్లో నన్ను ఆకట్టుకుంది పిట్టల పోటీ. నల్ల తురాయి, చెంప మీద ఎర్ర మచ్చ ఉండే పిగిలిపిట్ట జాతిని పెంచుతారు. సెలవు రోజు పొద్దున పంజరాలు వరసగా వేలాడదీసి, ఏ పిట్ట బాగా కూస్తుందో లెక్క పెడతారు. ఆ పంజరాల చెక్కడం పనే చూడముచ్చటగా ఉంది. అడవి నుంచి పట్టుకొచ్చే పిట్టల వల్ల ఈ జాతి తగ్గిపోతోందన్నది మాత్రం బాధ పెట్టే విషయం. మావారు పటాంగ్‌లో ముయే థాయ్ అనే థాయ్ బాక్సింగ్ పోటీకి వెళ్లొచ్చారు. మల్లులు తలకు కట్టు కట్టుకుని, సన్నాయి లాంటి వాద్యం సంగీతానికి గురువందన నృత్యం చేసే మొదటి ఘట్టం కోసమైనా టికెట్ పెట్టొచ్చన్నారు.

విమానాశ్రయం ద్వీపానికి ఉత్తర కొసన ఉంది, పాత ఊరికి గంట ప్రయాణం. మేం వెళ్లినప్పుడు బస్సు వంద బాట్లు, ట్యాక్సీకి అంతకు ఎన్నో రెట్లు. బీచ్‌లకు రనోంగ్ రోడ్డు బజారు నుంచి చెక్కబల్లల నీలం బస్సులు వెళ్తాయి, చవక, కానీ సాయంత్రానికే ఆగిపోతాయి. తిరుగు ప్రయాణానికి గ్రాబ్, బోల్ట్ ట్యాక్సీ యాప్‌లు ఫోన్లో ఉంచుకోండి. అక్టోబరులో పడమటి తీరంలో కెరటాలు పెద్దవి, ఎర్రజెండా ఉంటే నీళ్లలో దిగకూడదు. మేం కట్టిన దీవుల ట్రిప్పు గాలివాన వల్ల రద్దయింది, డబ్బు తిరిగి రావడానికి చాలా ఫోన్లు చేయాల్సి వచ్చింది. ఆ నెలలో బోటు టికెట్లు ముందుగా కొనకండి, ముందురోజు సాయంత్రం వాతావరణం చూసి అక్కడే తీసుకోండి.

అప్పుడు మేం బ్యాంకాక్‌లో విమానం మారి వెళ్లాం. 2025 నుంచి హైదరాబాద్ నుంచి నేరుగా విమానం మొదలైంది. 2025 మే నుంచి బయలుదేరే ముందు ఆన్‌లైన్‌లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాలి, అది ఉచితం, డబ్బులడిగే సైట్లను నమ్మకండి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్ కొనేముందే చూసుకోండి. పండుగ రోజుల్లో వెళ్లదలిస్తే, జూయ్ తూయ్ గుడికి నడిచి వెళ్లగలిగే దూరంలో, కిటికీ ఉన్న కింది గది కొన్ని నెలల ముందే పట్టుకోవాలి. సింగపూర్, మలేషియా నుంచి వచ్చే భక్తులు మనకన్నా ముందే వాటిని బుక్ చేసేస్తారు.