ఇమ్యునాలజీ ల్యాబ్‌లో మొదట ఏది: అగరోజ్ జెల్లా, ఎలీసానా?

డిగ్రీ విద్యార్థులకు యాంటిజెన్, యాంటీబాడీ కలవడం మొదటిసారి చూపించాలంటే నా ఓటు అక్టర్‌లోనీ డబుల్ డిఫ్యూజన్‌కే, అంటే రెండూ అగరోజ్ జెల్‌లో ఎదురెదురుగా పాకి కలిసే పద్ధతికే. బఫర్‌లో 1% అగరోజ్ కరిగించి స్లైడు మీద పోసి, గట్టిపడ్డాక గుంటలు తీయాలి. నడి గుంటలో యాంటీసీరం (యాంటీబాడీలున్న సీరం), చుట్టూ యాంటిజెన్లు, ఒక్కోదాంట్లో 10 మైక్రోలీటర్లు. తడి దూది ఉన్న డబ్బాలో 24 నుంచి 48 గంటలు మూతపెట్టి ఉంచితే, రెండూ కలిసి పేరుకున్న చోట తెల్లటి గీత మామూలు కంటికే కనిపిస్తుంది.

పక్కపక్క గుంటల గీతలు విల్లులా కలిసిపోతే ఆ యాంటీసీరానికి రెండు యాంటిజెన్లూ ఒకటే. ఒకదాన్నొకటి కోసుకుంటూ పోతే వేర్వేరు. ఒకవైపు ముల్లులా పొడుచుకొస్తే పోలిక కొంతవరకే. గీత ఎలా వస్తుందో ముందే బొమ్మ గీయించండి, చర్చంతా అక్కడే పుడుతుంది.

యాంటిజెన్ మరీ ఎక్కువైతే యాంటీబాడీతో కలిసి పెద్ద జాలం (వల) కట్టదు, గీత మసకబారుతుంది. అందుకే సగం సగంగా పలచన చేస్తూ వెళ్లాలి. గుంట అంచు చిరిగితే ద్రవం జెల్ కిందికి పాకి గీత వంకరపోతుంది.

ఎలీసా (యాంటిజెన్, యాంటీబాడీ కలయికను ఎంజైమ్ తెచ్చే రంగుతో పట్టే ప్లేటు పరీక్ష) చాలా సున్నితం, పరిమాణం కూడా చెబుతుంది. కానీ మూడు గంటల క్లాసులో పూర్తవ్వాలంటే ప్లేటుకు యాంటిజెన్ పూత ముందురోజే వేసి ఉంచాలి. కడగడం చాలకపోతే రంగు రాకూడని నెగటివ్ కంట్రోల్ కూడా నీలమవుతుంది. బఫర్‌లో సోడియం అజైడ్ ఉంటే రంగు తెచ్చే పెరాక్సిడేజ్ ఎంజైమ్ పనిచేయక, తప్పక రంగు రావాల్సిన పాజిటివ్ కంట్రోల్‌కీ రంగు రాదు. ప్లేట్ రీడర్ లేకపోయినా పలచన వరుసను కంటితో పోల్చవచ్చు.