బైపాస్‌పై అభ్యంతరం: కాగితమా, మైకా?

కొండపల్లి అడవి వైపు కొత్త బైపాస్ అనగానే విజయవాడలో రెండు మాటలు వినిపిస్తాయి. ట్రాఫిక్ తగ్గుతుందని కొందరు, బొమ్మలకు కావాల్సిన తెల్ల పొణికి చెట్టు ఇంకా కరువవుతుందని కొందరు. సరే, వద్దనుకునేవాళ్లు ఆ మాట ఎక్కడ చెప్పాలి?

పొలం పోయేవాళ్లకు జాతీయ రహదారుల చట్టం, 1956లోని 3సి సెక్షన్ ఉంది. భూమి తీసుకుంటామని నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోపు అభ్యంతరం భూసేకరణ అధికారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆయన మీ వాదన స్వయంగా గానీ, లాయరు ద్వారా గానీ వినాల్సిందే. సర్వే నంబరు, విస్తీర్ణం, పోయే బోరు, ఇవన్నీ రాసి రసీదు తీసుకోండి. నోటిఫికేషన్ పేపర్లో ఓ మూల చిన్న అక్షరాల్లో పడుతుంది, అదే టెన్షన్. భూమిలో హక్కు లేనివాళ్లకు మాత్రం ఈ దారి పనికిరాదు.

అడవి, వాగు, గాలి గురించి అడగాలంటే 2006 పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద జరిగే ప్రజాభిప్రాయ సేకరణే సరైన చోటు. కనీసం 30 రోజుల ముందే ప్రకటించాలి. కలెక్టరో ఆయన ప్రతినిధో అధ్యక్షత వహిస్తారు, వీడియో తీస్తారు, మినిట్స్, అంటే సభలో ఎవరేమన్నారో రాసుకున్నది, అక్కడే చదివి వినిపించాలి. టెంటు కింద అరుపుల్లో అసలు పాయింట్ పోవడం మామూలే. పైగా అక్కడ ఓటింగ్ ఉండదు, అందరూ వద్దన్నా ప్రాజెక్టు ఆగిపోదు.

పొలం ఉన్నవాళ్లకైతే నా ఓటు కాగితానికే. మిగతావాళ్లు మైకు పట్టుకున్నా, చెప్పేదంతా రాసి చేతికివ్వండి.