వృత్తి చిత్రకారుల కోసం ఎనిమిది వారాల మైండ్‌ఫుల్‌నెస్ కోర్సు: పూర్తి చేశాక నా అభిప్రాయం

పుస్తకాలకు బొమ్మలు వేయడం నా జీవనాధారం. గడువు దగ్గరపడుతున్నకొద్దీ చెయ్యి కాగితం మీదికి కాక ఈమెయిలు మీదికి పోతున్నదని గమనించిన తరువాత, కళాకారుల కోసమే రూపొందించామని చెప్పుకొనే ఒక ఆన్‌లైన్ కోర్సులో చేరాను. ఒక్క తరగతి కూడా మానకుండా ఎనిమిది వారాలూ పూర్తి చేశాను కనుక, చేరాలా వద్దా అని తటపటాయిస్తున్నవారి కోసం నాకు పనికివచ్చినవీ రానివీ ఇక్కడ రాస్తున్నాను.

కోర్సు చట్రం కొత్తది కాదు. 1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలలో జాన్ కబాట్-జిన్ దీర్ఘకాలిక నొప్పులతో, ఒత్తిడితో బాధపడే రోగుల కోసం మొదలుపెట్టిన కార్యక్రమమే దీనికి మూలం. అందులో వారానికొకసారి సుమారు రెండున్నర గంటల తరగతి, ఇంటి దగ్గర రోజూ 45 నిమిషాల సాధన, చివరి వారాలలో ఒక రోజంతా మౌనం ఉంటాయి. పాళీ భాషలోని బౌద్ధ సుత్తాలు ‘సతి’ అని పిలిచే ఎరుకను అది మతంతో ముడిపెట్టకుండా ఆసుపత్రిలోకి తెచ్చింది. (‘ఎరుక’ అనే చక్కని మాట మనకు ఉండగా మైండ్‌ఫుల్‌నెస్ అని ఎందుకంటామో తెలియదు, నాకూ ఆ అలవాటు పోలేదు.) నేను చేరిన కోర్సులో తరగతిని గంటంబావుకు, సాధనను 20 నిమిషాలకు కుదించారు. గడువుల మధ్య బతికేవారికి అది సబబే. మౌనదినాన్ని పూర్తిగా ఎత్తివేయడం మాత్రం నాకు నచ్చలేదు, ఎందుకంటే రోజంతా ఫోను ముట్టకుండా ఉండడమే మాలాంటివారికి అసలు పరీక్ష.

మొదటి రెండు వారాలూ పాదాల నుంచి తల దాకా ఒళ్లంతటినీ మనసుతో తడిమి చూసుకొనే సాధనకే సరిపోయాయి. నేను రెండుసార్లు నిద్రపోయాను. అయితే గీసేటప్పుడు నా కుడి భుజం చెవి దాకా లేచి ఉంటుందన్న సంగతి ఆ వారాలలోనే తెలిసింది.

కోర్సుకు ప్రాణం మూడో వారం. ఇలాంటి తరగతులలో ఒక ఎండుద్రాక్షను చేతిలోకి తీసుకొని, చూసి, వాసన చూసి, నెమ్మదిగా తినమంటారు. ఇక్కడ దాని బదులు కాగితం వైపు చూడకుండా, పెన్సిలు ఎత్తకుండా, 20 నిమిషాల పాటు మన ఎడమ చేతినే గీయమన్నారు. చిత్రకళ నేర్పేవారికి ఈ అభ్యాసం బాగా పాతదే. కానీ బొమ్మ ఎలా వస్తుందోనన్న బెంగ పక్కనపెట్టి, చూపు ఎప్పుడు జారిపోతుందో కనిపెట్టి మళ్లీ అంచు మీదికి తెచ్చుకోవడమే పనిగా పెట్టుకొని చేయడం నాకు కొత్త. బొటనవేలి కణుపు మీద మూడు ముడతలున్నాయనీ, మధ్యది మాత్రం సగంలో ఆగిపోతుందనీ, వందల చేతులు గీసిన నేను ఆ రోజే చూశాను. అంతవరకు చెయ్యి ఇలా ఉంటుందన్న జ్ఞాపకాన్ని గీస్తూ వచ్చానన్నమాట.

అదే వారం నీటిరంగులతో చేయించిన అభ్యాసం నా రోజువారీ పనినే మార్చింది. తడి కాగితం మీద రంగు వేశాక పైమెరుపు తగ్గి, ముట్టుకుంటే ఇంకా చల్లగా ఉండే కొద్ది నిమిషాలు ఉంటాయి. అప్పుడు చెయ్యి ఊరుకోక మళ్లీ తడి కుంచె తగిలిస్తే, నీరు రంగును వెనక్కి తోసుకుపోయి రంపపు పళ్లలాంటి అంచుతో మరక కడుతుంది. కుంచె కిందపెట్టి, ‘ఇంకొక్కసారి సరిచేద్దాం’ అన్న దురద వేళ్లలో ఎక్కడ పుడుతుందో చూస్తూ పది శ్వాసలు లెక్కపెట్టమన్నారు. వినడానికి చిన్న విషయమే. ఆ నెలలో నేను చెత్తబుట్టలో పారేసిన కాగితాలు మాత్రం తగ్గాయి.

వృత్తికి సంబంధించిన పాఠాలలో నాకు పేచీ ఉంది. తిరస్కరణ ఉత్తరం చదవగానే జవాబు రాయకుండా, ఒంట్లో ఏం జరుగుతున్నదో ఒక్క మాటలో పేరు పెట్టమనే సూచన బాగుంది. ‘గొంతు బిగుసుకుంది’ అని కాగితం మీద రాసుకున్నాక ఆ ఉత్తరం కేవలం నాలుగు వాక్యాల ఉత్తరంగానే కనిపించింది. కానీ డబ్బు పాఠానికి వచ్చేసరికి, ఆందోళన కూడా ఒక ఆలోచనే, మబ్బులా సాగిపోనివ్వండి అని బోధకుడు ముగించారు. అప్పటికి ఒక ప్రచురణ సంస్థ నా బొమ్మలు అచ్చువేసుకొని నెలలు గడిచినా సొమ్ము పంపలేదు. దానిని ఆలోచన అనరు, బాకీ అంటారు. సగం సొమ్ము ముందుగా తీసుకోవడం, ఎన్నిసార్లు మార్పులు చేసిస్తామో ఒప్పందంలో రాసుకోవడం లాంటి విషయాలు ఆ పాఠంలో ఒక్క ముక్కయినా లేవు. సాధన ఉపయోగపడిందల్లా ఇక్కడ: బతిమాలుతూనో తిడుతూనో రాయవలసిన ఉత్తరాన్ని, ఐదు నిమిషాలు కూర్చున్నాక, బిల్లు సంఖ్య, గడువు తేదీ, మొత్తం మాత్రమే చెప్పి రాయగలిగాను. డబ్బు రావడానికి ఆ తరువాత మరో రెండు ఉత్తరాలు పట్టాయి.

ఏడో వారంలో ధ్యానం సృజనాత్మకతను పెంచుతుందని శాస్త్రం తేల్చేసిందన్నట్టు చెప్పారు. అది పెద్ద మాట. 2012లో లైడెన్ విశ్వవిద్యాలయంలో ధ్యానం అలవాటున్న కొద్దిమందితో జరిపిన పరిశోధనలో, వచ్చిన ప్రతి ఆలోచననూ పట్టుకోకుండా గమనించే పద్ధతి కొత్త ఊహలు ఎక్కువగా పుట్టడానికి తోడ్పడిందనీ, ఒకే వస్తువు మీద దృష్టి నిలిపే పద్ధతిలో అలాంటి ఫలితం కనబడలేదనీ తేలింది. కోర్సులో ఈ రెండింటినీ కలగాపులగం చేశారు. నేను మాత్రం తొలి చిత్తుబొమ్మలకు ముందు మొదటి పద్ధతినీ, సిరా గీతలకు ముందు శ్వాస మీద దృష్టినీ వాడుకుంటున్నాను. ఇది నా అనుభవమే తప్ప రుజువు కాదు. 2014లో ఒక ప్రముఖ అమెరికన్ వైద్యపత్రికలో 47 ప్రయోగాలను కలిపి చూసిన సమీక్ష కూడా ఆందోళన, దిగులు, నొప్పి విషయాలలో ఓ మోస్తరు మేలు ఉందని చెబుతూనే, వ్యాయామం వంటి ఇతర చికిత్సల కన్నా ఇది మెరుగని చెప్పడానికి ఆధారం దొరకలేదని పేర్కొంది.

మెచ్చుకోవలసిన మాట ఇంకొకటుంది. చేరేముందు మానసిక ఆరోగ్యం గురించి ప్రశ్నలడిగారు. గతంలో తీవ్రమైన ఆఘాతం ఎదుర్కొన్నవారికి కళ్లు మూసుకొని ఎక్కువసేపు కూర్చోవడం పడకపోవచ్చనీ, కళ్లు తెరిచి కిటికీ బయటకు చూస్తూ చేయవచ్చనీ మొదటి రోజే చెప్పారు. ఇతర చోట్ల ఈ జాగ్రత్త నాకు కనబడలేదు.

పని మొదలుపెట్టడమే కష్టంగా ఉన్నవారు, అదీ ఆన్‌లైన్‌లో ప్రత్యక్షంగా జరిగే తరగతులకు హాజరు కాగలిగితేనే, చేరవచ్చు. అవకాశాలు రావడం లేదన్నది మీ బాధ అయితే ఆ సొమ్ముతో ఒప్పందాలు చదవడం నేర్పే తరగతిలో చేరడం మేలు. రికార్డింగులు ఏడాది పాటు అందుబాటులో ఉంటాయన్నారు. ఇప్పటివరకు నేను మళ్లీ తెరిచింది మూడో వారానిది ఒక్కటే.