వాకిట్లో గ్రానైటా, పేవర్ బ్లాకులా (పక్కపక్కన పేర్చే సిమెంటు దిమ్మలు)?

ఒంగోలు చుట్టుపక్కల కొత్తగా ఇల్లు కట్టుకున్నవాళ్లకి ఇదో టెన్షన్. గ్రానైట్ క్వారీలున్న చీమకుర్తి పక్కనే ఉంది కాబట్టి గ్రానైటే పరిచేద్దాం అంటారు.

ఖర్చు: గ్రానైట్ ముక్కలు చవగ్గా దొరికినా, కింద కాంక్రీటు, మేస్త్రీ కూలీ కలిపి చూసుకోండి.

పని: గ్రానైట్‌కి కింద కాంక్రీటు బెడ్డు, అది గట్టిపడేదాకా నీళ్లు పట్టడం (క్యూరింగ్) కావాలి. పేవర్లకి నేల బాగా దిమ్మిస కొట్టి డస్ట్ (క్రషర్ రాతిపొడి) పరిస్తే చాలు.

రిస్క్: పాలిష్ పెట్టిన నల్లరాయి తడిస్తే జారుతుంది, మే నెల మధ్యాహ్నం చెప్పుల్లేకుండా అడుగు పెట్టలేం, అందుకే పెద్దవాళ్లున్న ఇంటికి నేనైతే వద్దనే చెప్తాను. పేవర్ల సందుల్లో గడ్డి మొలుస్తుంది, దిమ్మిస సరిగా పడకపోతే కారు చక్రాల కింద కుంగుతాయి. అయినా అక్టోబరు, నవంబరు వానలకి నీళ్లు కొంతైనా ఆ సందుల్లోంచి ఇంకుతాయి, పైపు లీకైతే నాలుగు బ్లాకులు లేపి బాగుచేసి మళ్లీ పెట్టేయొచ్చు.

గడప ముందు ముగ్గేసే జాగాకి గరుకు గ్రానైట్, కారు పెట్టేచోట, బోరు చుట్టూ పేవర్లు.